పాఠాలు పంచుకునే అయ్యవార్లు

2004 సెప్టెంబరు 20 సాయంత్రం శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్01 రాకెట్ ఎడ్యుశాట్‌ను మోసుకుని పైకి లేచింది. 1,950 కిలోల ఆ ఉపగ్రహం మన దేశం పూర్తిగా చదువుల కోసమే పంపిన మొట్టమొదటిది. ఆకాశం నుంచి పాఠాలు దిగివస్తాయని, మారుమూల బడిలోని పిల్లవాడు కూడా మంచి పంతులు చెప్పే మాట వింటాడని దేశమంతా ఆశపడింది. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా కిందికి వచ్చింది. ఎడ్యుశాట్ మాత్రం 2010లోనే పని ముగించుకుంది.

ఆ రాకెట్ లేచే నాటికే, అప్పటి చిత్తూరు జిల్లా పడమటి కొసన, మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో అట్టముక్కలతో ఇంకో ప్రయోగం సాగుతోంది. ఆ అట్టలకు కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. కన్నడ బడుల్లోకి, చెన్నై కార్పొరేషన్ బడుల్లోకి, చివరికి జర్మనీ విశ్వవిద్యాలయాల్లోకి దారి చూపించిన పద్ధతి వాటిలోంచే పుట్టింది. ఇవాళ తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో టీచర్లు ఫోన్లలో వీడియోలు, క్విజ్‌లు, వర్క్‌షీట్లు పంచుకుంటున్నప్పుడు వాళ్లు తెలిసో తెలియకో ఆ అట్టముక్కల దారిలోనే నడుస్తున్నారు. ఆన్‌లైన్ పాఠాలు మన బడులకు ఏ మేరకు పనికొస్తాయో తేల్చుకోవాలంటే ముందు ఆ పల్లెల్లో ఏం జరిగిందో చూడాలి.

జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు మదనపల్లె. 1926లో మొదలైన రిషీవ్యాలీ బడి పేరు దేశమంతా తెలుసు. దాని పక్కనే పల్లె పిల్లల కోసం నడిచే గ్రామీణ విద్యా కేంద్రం సంగతి అంతగా తెలియదు. 1980ల చివరి నుంచి పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ ఒక చిక్కుముడి విప్పడానికి కూర్చున్నారు. పల్లె బడిలో ఒకే గది, ఒకే అయ్యవారు. ఐదు తరగతుల పిల్లలూ ఆ గదిలోనే. ఒక తరగతికి చెబుతుంటే మిగతా నాలుగూ ఖాళీ. సేద్యం పనులప్పుడు పదిరోజులు బడికి రాని పిల్లవాడు తిరిగొచ్చేసరికి పాఠం ముందుకెళ్లిపోయి ఉంటుంది. వాడు వెనకబడ్డాడంటారు గానీ, నిజానికి పాఠమే వాడి కోసం ఆగలేదు.

వాళ్లు పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టారు. ఒక్కో మెట్టులో పరిచయం, సాధన, పరీక్ష, రానివాళ్లకు మళ్లీ నేర్పడం, వచ్చినవాళ్లకు ఇంకొంచెం పైది. ప్రతి పనికీ ఒక కార్డు, ప్రతి కార్డు మీద ఒక బొమ్మగుర్తు. గోడమీద నిచ్చెన పటం. పిల్లవాడు వచ్చి తానెక్కడున్నాడో నిచ్చెన మీద చూసుకుంటాడు, ఆ గుర్తున్న కార్డు తీసుకుంటాడు, తన గుంపులో కూర్చుంటాడు. ఒక గుంపును అయ్యవారు చూసుకుంటారు, ఒక గుంపులో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు, ఇంకో గుంపు తనంతట తాను చేసుకుపోతుంది. పదిరోజులు రానివాడు ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే మొదలుపెడతాడు. ఇదంతా ఒక పెట్టెలో పట్టేది కాబట్టి ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అని పేరుపడింది.

పెట్టె అందరికీ కనిపించింది. దాన్ని తయారుచేసిన తీరు అంతగా ఎవరి కంటా పడలేదు. కార్డులు పైనుంచి అచ్చయి వచ్చినవి కావు. పల్లె టీచర్లు కలిసి కూర్చుని, ఊళ్లోని మాటలు, పాటలు, గింజలు, కొలతలు పోగేసి రాసుకున్నవి. పిల్లల దగ్గర పారని కార్డును చించేసి ఇంకోటి రాసుకున్నారు. పిల్లలే అంగళ్లు పెట్టి, తూచి, కొలిచి, చిల్లర లెక్కచెప్పే ‘మెట్రిక్ మేళా’ కూడా ఆ బడుల నుంచే వచ్చింది.

1995లో కర్ణాటకలో మైసూరు పక్కన హెచ్.డి. కోటె నుంచి టీచర్లు రిషీవ్యాలీకి వచ్చి చూసి వెళ్లాక, యూనిసెఫ్ సాయంతో అక్కడ ‘నలి-కలి’ మొదలైంది. కర్ణాటక వాళ్లు చిత్తూరు కార్డులను కన్నడంలోకి మార్చి ఊరుకోలేదు, తమ కార్డులు తాము రాసుకున్నారు. 2003లో చెన్నై కార్పొరేషన్ కమిషనర్‌గా ఉన్న ఎం.పి. విజయకుమార్ తన టీచర్లను రిషీవ్యాలీకి పంపించారు. వాళ్లు తిరిగెళ్లి తమిళంలో తమ సామగ్రి తయారుచేసుకున్నారు. 2007-08 నాటికి ఆ పద్ధతి తమిళనాడు అంతటా ప్రాథమిక బడులకు పాకింది. ఆ తర్వాత జర్మనీలోని వుర్జ్‌బుర్గ్, రేగెన్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయాల విద్యాశాఖలు ఈ పద్ధతిపై రిషీవ్యాలీతో కలిసి పనిచేశాయి. ఎక్కడికి వెళ్లినా నిలిచింది ఒక్క కారణం చేతనే: వెళ్లినచోట టీచర్లు దాన్ని విప్పి, మళ్లీ తమకు సరిపడేలా కట్టుకోగలిగారు.

1991లో జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పుస్తకం రాశారు. మెక్సికోలోని యుకటాన్ మంత్రసానులు, లైబీరియా దర్జీలు తమ పని ఎలా నేర్చుకుంటారో చూసి, నేర్చుకోవడమంటే ఆ పని చేసేవాళ్ల గుంపులో అంచు నుంచి మెల్లగా నడిమికి చేరడమని వాళ్లు చెప్పారు. కొత్త దర్జీ మొదట గుండీలు కుడతాడు, పెద్దవాళ్ల మాటలు వింటాడు, ఏళ్లు గడిచాక బట్ట కత్తిరిస్తాడు. కొత్తగా కొలువులో చేరిన ప్రాథమిక బడి టీచరు (ఎస్‌జీటీ) కూడా పక్కబడి సారు పాఠం చూసే నేర్చుకుంటాడు. ప్రపంచమంతా ఇవాళ ఆన్‌లైన్ ఉపాధ్యాయ బృందాల గురించి మాట్లాడేటప్పుడు ఎత్తుకునేది ఈ పుస్తకాన్నే.

మన దగ్గర అలాంటి గుంపులకు పాత చరిత్రే ఉంది. దగ్గర దగ్గర బడులన్నీ కలిసి ఒక స్కూల్ కాంప్లెక్స్‌గా పనిచేయాలని 1964-66 కొఠారీ కమిషన్ చెప్పింది. బ్రిటన్ సాయంతో 1980ల్లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను పెట్టి, టీచర్లు ఒకచోట చేరి పాఠాలు చూపించుకునే అలవాటు చేసింది. కాంప్లెక్స్ మీటింగ్ అనే మాట ఇవాళ ప్రతి టీచరు నోటా ఉంది. మంచి మీటింగుల్లో ఒకరు నమూనా పాఠం చెబుతారు, మిగతావాళ్లు వెనక బెంచీల్లో కూర్చుని చూస్తారు, అయ్యాక మాట్లాడుకుంటారు. సర్క్యులర్లు చదివి, సంతకాలు పెట్టించి ముగించే మీటింగులూ తక్కువేం కాదు. ఆన్‌లైన్ గుంపులకూ ఈ రెండు తీర్లూ అంటుకున్నాయి.

చిత్తూరు సీమకు డిజిటల్ ప్రయోగాలు కూడా కొత్తవి కావు. 2002 ఫిబ్రవరిలో హ్యూలెట్-ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ పేరుతో మూడేళ్ల ప్రాజెక్టు మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు, కంప్యూటర్లు పెట్టారు. పొదుపు సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటర్లు ఇచ్చి ఫొటోగ్రాఫర్లుగా తీర్చిదిద్దారు. దేశవిదేశాల వాళ్లు వచ్చి చూసి వెళ్లిన ప్రాజెక్టు అది. కుప్పం దగ్గరే గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల్లో సైన్స్ ప్రాంగణం నడుపుతోంది. రామ్‌జీ రాఘవన్ 1999లో స్థాపించిన ఈ సంస్థ ప్రయోగ సామగ్రిని వ్యాన్లలో, మోటారు సైకిళ్ల మీద బడులకే తీసుకెళ్లింది. ప్రయోగం బాగా పట్టుబడిన పిల్లల చేత తోటి పిల్లలకు చెప్పించడం వాళ్ల పద్ధతిలో ఒక భాగం.

ఇక 2020. మార్చిలో బడులు మూతపడ్డాయి. పదో తరగతి పిల్లలకు దూరదర్శన్ సప్తగిరి చానల్‌లో ‘విద్యామృతం’ పాఠాలు వచ్చాయి. తొమ్మిది, పది తరగతులకు బడి గేటు మళ్లీ తెరుచుకున్నది నవంబరు 2న. ఈ నడుమ కాలంలో టీచర్ల వాట్సాప్ గుంపులు సర్క్యులర్లు పంచే పనిని దాటి పాఠాలు పంచే పనికి వచ్చాయి. ఇంట్లో గోడకు నల్లరంగు వేసుకుని వీడియోలు తీసినవాళ్లున్నారు. ఫోన్ లేని పిల్లల కోసం వర్క్‌షీట్లు అచ్చుతీసి ఊరి అరుగుల మీద పంచినవాళ్లున్నారు. అదే ఏడాది ప్రభుత్వ బడుల్లోకి ఒకవైపు ఇంగ్లిష్, ఇంకోవైపు తెలుగు ఉండే ‘మిర్రర్ ఇమేజ్’ పాఠ్యపుస్తకాలు రావడం మొదలైంది. ఇరవై ఏళ్లు తెలుగు మీడియంలో చెప్పిన టీచరుకు ఒక్కసారిగా రెండు భాషల్లో నోట్సు, రెండు భాషల్లో ప్రశ్నలు కావాల్సి వచ్చింది. ఆ కరువు తీర్చింది ఎక్కువగా తోటి టీచర్లే. ఒకరు యూనిట్ టెస్ట్ పేపరు రాస్తే వంద బడులు దాన్ని వాడుకున్నాయి.

ప్రభుత్వాలు కట్టిన వేదికల్లో పెద్దది దీక్ష. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు దీన్ని ప్రారంభించారు. పాఠ్యపుస్తకంలో పాఠం పక్కన ఒక క్యూఆర్ కోడ్, దాని కింద ఆరు అక్షరాల సంకేతం ఉంటాయి. ఫోన్‌తో స్కాన్ చేసినా, ఆ ఆరు అక్షరాలు టైపు చేసినా ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. నెట్ ఉన్నచోట దించుకుని, లేనిచోట చూపించుకోవచ్చు. తలకోన పక్క పల్లెలకో, పులిచెర్ల కొండవార ఊళ్లకో ఈ చివరి సదుపాయమే ముఖ్యం. దేశవ్యాప్త ‘నిష్ఠ’ ఉపాధ్యాయ శిక్షణ ఆన్‌లైన్ బాట పట్టినప్పుడు మొదటి విడత మన రాష్ట్రానిదే. 2020 జులై 16న ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక శిక్షకులతో అది మొదలైంది.

దీక్షలో సరుకు ఉంది, సదుపాయం ఉంది. కానీ అక్కడ టీచరు ఎక్కువసేపు వినేవాడిగానే ఉంటాడు. కోర్సు చూస్తాడు, ప్రశ్నలకు జవాబిస్తాడు, సర్టిఫికెట్ తీసుకుంటాడు. ‘ఈ వీడియో మా ఏడో తరగతికి పారలేదు, ఇలా మార్చి చెబితే పారింది’ అని చెప్పాలనిపిస్తే ఆ మాట వాట్సాప్ గుంపులోకే పోతుంది. అక్కడ నాలుగు గుడ్‌మార్నింగ్ బొమ్మలు, రెండు జీవోలు, ఒక బదిలీ జాబితా వచ్చేసరికి ఆ మాట పైకి జరిగిపోతుంది. ఆరు నెలల తర్వాత వెతికితే దొరకదు. ఇంతమంది అనుభవం ఇలా రాలిపోవడం పెద్ద నష్టం, దాని గురించి పట్టించుకుంటున్నవాళ్లు చాలా తక్కువ.

పరికరాలు కూడా వచ్చాయి. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది. ఆ విడతలో ఇచ్చినవి ఐదు లక్షలకు పైనే. మరుసటి ఏడాది అదే తేదీన ఇంకో విడత. తరగతి గోడలకు పెద్ద తాకుతెరలూ వచ్చాయి. ఇళ్లలో ఫోన్లకైతే కొదవ లేదు. 2024 అసర్ సర్వే దేశంలో పల్లెటూళ్ల పిల్లలను పలకరిస్తే, 14 నుంచి 16 ఏళ్ల వాళ్లలో దాదాపు తొంభై శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉందని తేలింది. దాన్ని వాడటం వచ్చిన పిల్లల్లో గడిచిన వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. చేతిలో యంత్రం ఉంది. దాన్ని ఏ పాఠానికి, ఏ ప్రశ్నతో తెరవాలో చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి టీచరే. ఆ టీచరుకు తోడు ఇంకో నలుగురు టీచర్లు కావాలి.

ఈ తోడు ఎలా పనిచేస్తుందో చూడటానికి తెలంగాణలో జరిగిన ఒక ప్రయత్నం అక్కరకొస్తుంది. 2015లో టాటా ట్రస్ట్స్, ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికాలోని ఎంఐటీ కలిసి క్లిక్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరంతో పాటు తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనూ అది నడిచింది. పిల్లల పాఠాలు బడి కంప్యూటర్ గదిలోని సర్వర్‌లోనే ఉండేవి. బయట నెట్ పోయినా పాఠం ఆగేది కాదు. జ్యామితిలో చతుర్భుజాల లక్షణాలు నేర్పడానికి ‘పోలీస్ క్వాడ్’ అనే ఆట పెట్టారు. భుజాలు, కోణాలు, కర్ణాల గురించి ఆధారాలు అడుగుతూ దాక్కున్న ఆకారాన్ని పట్టుకోవడం పిల్లల పని.

అసలు బలం టీచర్ల కోసం పెట్టిన టెలిగ్రామ్ బృందాల్లో ఉంది. సబ్జెక్టుకు ఒకటి. టీచర్లు తమ తరగతిలో ఏం జరిగిందో ఫొటోలతో పెట్టేవారు, పిల్లలు అడిగిన ప్రశ్నలు రాసేవారు, విశ్వవిద్యాలయ అధ్యాపకులు కూడా అందులో ఉండి చర్చలో చేరేవారు. గుంపును ఎవరూ పట్టించుకోకుండా వదిలేయలేదు. చర్చను దారిలో పెట్టడం కూడా ఒకరి ఉద్యోగమే. అందులో పాల్గొనడం ఒక పీజీ సర్టిఫికెట్ కోర్సులో భాగంగా ఉండేది. క్లిక్స్‌కు 2017 సంవత్సరానికి యునెస్కో ఇచ్చే కింగ్ హమద్ బహుమతి వచ్చింది. పక్కన కర్ణాటకలో 2011 నుంచి ‘ఐటీ ఫర్ చేంజ్’ సంస్థ, రాష్ట్ర విద్యాశాఖ కలిసి సబ్జెక్టు టీచర్ల వేదికలు నడిపాయి. అక్కడి టీచర్లే రాసి, దిద్దుకుని, ఎవరైనా వాడుకునేలా కన్నడ పాఠ్యసామగ్రి భాండాగారం కట్టుకున్నారు. కుప్పం నుంచి బస్సు ఎక్కితే చేరే దూరంలో ఇంత పని జరిగింది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పలమనేరు పక్కన ఒక హైస్కూల్లో పదో తరగతికి విద్యుత్తు పాఠం. రెండు బల్బుల్ని శ్రేణిలో కలిపితే ఏమవుతుందని మేడం అడిగింది. ఒక అబ్బాయి లేచి, ‘మొదటి బల్బు కొంత కరెంటు తినేస్తుంది మేడం, రెండోదానికి మిగిలిందే పోతాది’ అన్నాడు. ఇది ఆ అబ్బాయి ఒక్కడి పొరపాటు కాదు. ప్రపంచంలో ఏ మూలకు వెళ్లినా పిల్లలు ఇలాగే అనుకుంటారని సైన్స్ బోధన పరిశోధనలు ఎప్పుడో చెప్పాయి. పుస్తకంలో నిర్వచనం మళ్లీ చదివిస్తే ఆ ఊహ పోదు.

ఆమె ఆ రాత్రి అబ్బాయి పేరు చెప్పకుండా, వాడి మాటను సైన్స్ టీచర్ల గుంపులో పెడుతుంది. పుత్తూరు నుంచి ఒక సారు ఫెట్ సిమ్యులేషన్ లింకు పంపుతారు. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఈ ఉచిత ప్రయోగశాలలో తెరమీదే తీగలు, బల్బులు, బ్యాటరీలు కలుపుకోవచ్చు. ఫైలు దించుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. కుప్పం నుంచి ఇంకో మేడం, ‘ముందే చూపించేయొద్దు. బల్బుకు ముందొక అమ్మీటరు, వెనకొక అమ్మీటరు పెట్టించండి. ఎంతెంత చూపిస్తాయో పిల్లల చేత ముందుగా రాయించి, ఆ తర్వాతే స్విచ్ వేయండి’ అని రాస్తుంది. మర్నాడు తరగతిలో సగం మంది వెనక అమ్మీటరు తక్కువ చూపిస్తుందని రాస్తారు. స్విచ్ వేయగానే రెండింటిలో ఒకే అంకె. ఆ గదిలో అప్పుడు లేచే గోలే పాఠం. సిమ్యులేషన్ కొలరాడోది, కానీ ‘ముందు రాయించండి’ అన్న ఒక్క మాట కుప్పానిది. ఆ మాట లేకపోతే పిల్లలు తెరమీద బల్బులు వెలిగించి ఆడుకుని ఇంటికి పోయేవాళ్లు.

ఇలా మార్చుకుని వాడాలంటే మార్చుకునే హక్కు ఉండాలి. యూట్యూబ్‌లో కనిపించిందల్లా ఉచితంగా చూడొచ్చు గానీ, కత్తిరించి, తెలుగు గొంతు కలిపి మళ్లీ పంచే హక్కు అన్నిటికీ ఉండదు. ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా ముందే అనుమతి రాసి విడుదల చేసిన పాఠ్యసామగ్రిని ప్రోత్సహించాలని యునెస్కో 2002 నుంచీ చెబుతోంది. 2019లో దానిపై సభ్యదేశాలన్నిటికీ ఒక సిఫారసు కూడా ఆమోదించింది. ప్రథమ్ బుక్స్ 2015 సెప్టెంబరు 8న తెరిచిన స్టోరీవీవర్‌లో పిల్లల కథలు ఈ రకం అనుమతితోనే ఉన్నాయి. తెలుగు కథలు అచ్చుతీసుకోవచ్చు, ఇంకో భాష కథను తెలుగులోకి మార్చి అక్కడే పెట్టొచ్చు. చెత్తలోంచి సైన్స్ బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియా పూర్తిగా స్వచ్ఛందంగా రాసేవాళ్ల చేతి కష్టం. ఆ రచయితలు తమ పదకొండో వార్షికోత్సవాన్ని 2015 ఫిబ్రవరిలో తిరుపతిలోనే జరుపుకున్నారు. ఊరి చరిత్ర రాసి, ఆధారం చూపించి, పదిమంది దిద్దుబాటుకు నిలబడటం కంటే మంచి తెలుగు, సాంఘిక శాస్త్రం ప్రాజెక్టు హైస్కూలు పిల్లలకు ఏముంటుంది?

మన టీచర్ల సామగ్రికి ఇంకో అడ్డంకి ఉంది. చిన్నదిగా కనిపిస్తుంది, చాలా పాడుచేస్తుంది. తెలుగు నోట్సు, ప్రశ్నపత్రాల్లో చాలాభాగం డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో టైపు చేయించి పీడీఎఫ్‌లుగా పంచుతున్నారు. కంటికి అవి తెలుగే. యంత్రానికి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం. అందుకే ‘కిరణజన్య సంయోగక్రియ’ అని వెతికితే గూగుల్‌కు అవి దొరకవు. కాపీ చేసి ఒక వాక్యం మార్చుకుందామన్నా కుదరదు. చూపులేని పిల్లలకు చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ వాటి ముందు మూగబోతుంది. ఫోన్‌లో కొట్టే తెలుగు యూనికోడ్‌లోనే ఉంటుంది కాబట్టి, కొత్తగా రాసేదైనా అందులో రాసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

పిల్లల సమాచారం గురించి కూడా గట్టిగా చెప్పుకోవాలి. మార్కులు, ఫొటోలు, పిల్లలు ఏడుస్తున్న వీడియోలు గుంపుల్లో తిరగడం మామూలైపోయింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. పెద్ద వేదికలకూ జాగ్రత్త అవసరమే. పది లక్షలకు పైగా టీచర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, దాదాపు ఆరు లక్షల మంది విద్యార్థుల సమాచారం దీక్షకు సంబంధించిన ఒక సర్వర్‌లో రక్షణ లేకుండా పడి ఉందని 2023 జనవరిలో ‘వైర్డ్’ పత్రిక బయటపెట్టింది. టీచర్ల సమయం కూడా అంతే విలువైనది. హాజరు, మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోలు అంటూ యాప్ మీద యాప్ నింపడంపై మన ఉపాధ్యాయ సంఘాలు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పాయి. ఆ పనిలో అలిసిన చేత్తో రాత్రి పూట పాఠం గురించి ఎవరు రాస్తారు? సబ్జెక్టు గుంపులో అధికారులు ఆదేశాలు పెట్టడం మొదలుపెట్టిన రోజునే అక్కడ సందేహాలు అడగడం ఆగిపోతుంది. తప్పు ఒప్పుకోవడానికి భయం లేనిచోటే టీచరు తన తరగతి గురించి నిజం చెబుతాడు.

ఇక తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చేయదగ్గ పని ఒకటుంది. ఢిల్లీ నుంచి, అమరావతి నుంచి వచ్చే వీడియోల్లో కిరణజన్య సంయోగక్రియ ఉంటుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పటిక ఏం చేస్తాయో ఉండదు. స్వర్ణముఖి ఎందుకు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగానే ఉంటుందో ఉండదు. రిషీవ్యాలీ కార్డులు పారడానికి కారణం వాటిలో ఊరి సరుకు ఉండటం. కార్వేటినగరంలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో ఏటా కొత్త టీచర్లు తయారవుతున్నారు. బోధన సామగ్రి (టీఎల్‌ఎం) మేళా కోసం అట్టలు, థర్మాకోల్ కొనే ఆ కొత్త టీచర్లు తలా ఒక స్థానిక పాఠం యూనికోడ్ తెలుగులో రాసి, సీనియర్ టీచర్ల చేత దిద్దించి, అందరూ వాడుకునే అనుమతితో పెడితే, కొన్నేళ్లలో జిల్లాకంటూ ఒక పాఠాల కొట్టు తయారవుతుంది.

ఉదాహరణకు శాతాల పాఠం. 2025 సీజన్‌లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయమైంది. రైతుకు వచ్చే 12 రూపాయల్లో ప్రభుత్వ వాటా ఎంత శాతం? కోతకూలి, బాడుగ పోను ఎకరాకు ఏం మిగులుతుంది? గుజ్జు, టెంక, తొక్క బరువులు ఇంట్లో పండు కోసి తూచుకొస్తే ఏ పాళ్లలో ఉన్నాయి? బంగారుపాళెం ఏడో తరగతి పిల్లలకు ఈ లెక్కలు తమ ఇంటి లెక్కలు. పాఠం ఒక బడిలో చెప్పి చూసి, ఎక్కడ తడబడ్డారో కింద రాసిపెడితే, మరుసటి సీజన్‌కు ధరలు మార్చి పక్క మండలం వాడుకుంటుంది.

నగరి, సత్యవేడు వైపు తమిళ మీడియం బడులున్నాయి. ఆ పిల్లల ఇళ్ల చుట్టూ కూడా మామిడి తోటలే. ఆ పాఠాన్ని తమిళంలోకి మార్చగల టీచర్లు ఆ మండలాల్లోనే పనిచేస్తున్నారు. గుంపు మొదలుపెట్టేటప్పుడే వాళ్ల నంబర్లు కూడా చేర్చుకోవాలి.